రెడ్డి ఎం. గారి డీప్ ఫ్రీజరు

ప్రశ్న వేసినవాడే గెలిచినవాడని నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటి ఉండేది. తిరుపతిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ చర్చాపోటీల్లో తెచ్చుకున్న వెండిరంగు కప్పుల్లో మా అమ్మ పోపు గింజలు పోసుకునేది (చెక్కిన నా పేరును గోడవైపు తిప్పి పెట్టేది; ఎందుకని అడగలేదు. నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న బహుశా అదొక్కటే). అనుకూలమనే చీటీ వస్తే అనుకూలంగా, ప్రతికూలమనే చీటీ వస్తే ప్రతికూలంగా, రెండింటినీ సమానమైన నిజాయితీతో వాదించేవాణ్ణి. ఎదుటివాడి మాటలో ఆధారంలేని ముక్క కనబడితే పట్టుకుని లాగడం నా ధర్మమనీ, లాగినప్పుడు అతను నొచ్చుకుంటే అది అతని తర్కంలోని లోపమనీ అనుకునేవాణ్ణి. అలాంటి మనిషికి ఉద్యోగం దొరకడమే కష్టం. దొరికినచోట మిగిలినవాళ్లు వేగడం ఇంకా కష్టం.

ఎనభైల నడుమ గ్రంథాలయశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, తిరుపతిలోనే ఒక పరిశోధన పథకంలో సహాయకుడిగా చేరాను. పథకం పేరు నాలుగు పంక్తులుండేది. పని మాత్రం ఒక్కటే. రెట్రోవైరస్‌ల మీద ఎవరెవరు, ఏ దేశంలో, ఏ పత్రికలో, ఏ ఏట ఎన్ని పరిశోధన వ్యాసాలు అచ్చువేశారో లెక్కతీయాలి. జీవకణంలో సమాచారం మామూలుగా నడిచే దారికి ఎదురునడిచి, తన రాతను ఆ కణం మూలప్రతిలోనే కలిపేసే వైరస్‌లివి. కోళ్లలో కంతులు పుట్టించేవాటితో ఈ శాస్త్రం మొదలైంది. నేను చేరేనాటికి మనుషులకు ఎయిడ్స్ తెచ్చే వైరస్ కూడా ఈ కుటుంబంలోదేనని తేలి, పరిశోధకులందరూ కోళ్లను వదిలేసి అటు పరుగెడుతున్నారు. ఈ సంగతంతా చిత్తూరు బెల్లం మండీలో కూర్చున్న మా నాయనకు విడమరిచి చెప్పాను.

"వైరస్ అంటే రోగమే గదప్పా. ఆస్పత్రిలో పనా?"

"కాదు నాయనా. రోగాన్ని పరీక్షించేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు రాసిన వ్యాసాలను మేం లెక్కపెడతాం."

"సదివి సూస్తారా?"

"చదవం. లెక్కపెడతాం."

నాయన పక్క మండీ ఆయనవైపు తిరిగాడు. "మావోడు బెల్లం సెయ్యడంట, తినడంట. ఎవురెవురు ఎన్ని అచ్చులు సేసినారో రాసుకుంటాడంట" అన్నాడు. అంతకన్నా మెరుగైన నిర్వచనం తర్వాత ఏ పాఠ్యగ్రంథంలోనూ నాకు కనబడలేదు.

మా పథకానికి పెద్ద ఒక ఆచార్యుడు. వ్యాసాల శీర్షికలు తప్ప లోపలి విషయం చదవడానికి తీరిక లేదని ఆయనే ఒప్పుకునేవారు కనుక ఆయనను శీర్షికల సారు అనేవాళ్లం. విదేశాలనుంచి ఓడలో వచ్చే సూచికల సంపుటాలు ముందేసుకుని, చీమతలకాయంత అక్షరాలలోంచి ఒక్కో వ్యాసానికి ఒక్కో కార్డు రాయడం నా పని. ఇందులో మొదటి యుద్ధం పేరు దగ్గరే వచ్చింది. ఈ వైరస్‌లకు డెబ్బైల నడుమ పేరు మారింది. అంతకుముందు కంతుల వైరస్‌లనీ మరొకటనీ పిలిచేవారు. సారు 'రెట్రోవైరస్' అనే మాటనే వెతికించడంవల్ల, మా గ్రాఫులో ఆ శాస్త్రం తల్లీతండ్రీ లేకుండా ఒకానొక ఏట ఉన్నపళంగా పుట్టి నిట్టనిలువుగా లేచింది. సారు ఆ గీతను చూసి మురిసిపోతున్నారు. నేను ఊరుకోలేదు. అది పుట్టుక కాదు, నామకరణమేనని, పేరు మారినంతమాత్రాన వస్తువు మారదని, పాత పేర్ల కింద ఉన్న వ్యాసాలన్నీ కలపవలసిందేనని ముప్పావుగంట వాదించాను. ఆయన టీ చల్లబడిపోయింది. "కలుపప్పా, నీ పుణ్యముంటాది" అన్నారు.

రెండో యుద్ధం ఆ వారంలోనే వచ్చింది. విదేశీ సూచికలవాళ్లకు చివరి మాటే ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. ఆ సంపుటాలలో మన పరిశోధకులందరూ తలకిందులై, రెడ్డి, రావు, నాయుడు అనే తోకలు ముందుకొచ్చి, అసలు పేర్లు పొడి అక్షరాలై వెనక నిలబడేవి. ఎవరు ఎవరో తేలక తల బద్దలయ్యేది. "మనోళ్ల పేర్లు తెలిసినోళ్లను అడిగి విడదీయి, కలపాల్సినవి కలుపు" అన్నారు సారు. ఈసారి నా చేతికి ప్రతికూలమనే చీటీ వచ్చినట్టుంది. తెలిసినవాళ్లు చెప్పారన్నది ఆధారం కాదనీ, అచ్చులో ఉన్నదే ప్రమాణమనీ, ఒక్క మినహాయింపునిస్తే మొత్తం లెక్క కూలిపోతుందనీ గంటసేపు వాదించాను. చివరికి 'అచ్చైన పేరే వ్యక్తి' అని ఒక నియమం టైపుచేయించి కార్డుల బీరువాకు అంటించాను. "నీతో మాట్లాడేదానికంటే ఆ వైరస్‌తో మాట్లాడేది మేలబ్బా" అని సారు గదిలోకి వెళ్లిపోయారు.

ఆ నియమానికి దెబ్బతిన్న మొదటి మనిషి కోళ్లక్క. పశువైద్య ప్రయోగశాలలో కోళ్ల కంతుల వైరస్‌ను పట్టుకుని పదేళ్లుగా వదలని మనిషి. డీప్ ఫ్రీజరు లేక, కోళ్ల రక్తం నమూనాలను థర్మాసు ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య దాచేది. కరెంటు పోతే మామూలు ఫ్రిజ్జులోవి కుళ్లిపోయేవి. ఐసు ఫ్యాక్టరీవాళ్లు ఆమెను చేపలు అమ్మే మనిషి అనుకునేవాళ్లు. ఆ ఏడాది ఇలాంటి వైరస్‌ల మీద పనిచేసే ఒక ప్రయోగశాలకు డీప్ ఫ్రీజరు మంజూరు చేయడానికి హైదరాబాదులో ఒక సంఘం వేసి, ఐదు వ్యాసాలకు తగ్గకుండా అచ్చువేసినవాళ్ల జాబితా పంపమని మమ్మల్ని అడిగారు. అక్కకు ఆరున్నాయి. కానీ మూడు పెళ్లికి ముందువి, పుట్టింటి కె. అక్షరంతో, మూడు తర్వాతవి, అత్తింటి పి. అక్షరంతో. నా నియమం ప్రకారం మూడేసి వ్యాసాల ఆడవాళ్లు ఇద్దరు. ఇద్దరూ జాబితాలో లేరు.

సంగతి తెలిసి అక్క ఫ్లాస్కు భుజాన వేసుకునే వచ్చింది. "అబ్బోడా, ఆ కె. నేనే, ఈ పి. నేనే. ఒక కార్డు కింద రాయి."

"ఆధారం ఏమిటక్కా?"

"ఆధారమా? నేను నీ ముందర నిలబడుకోనుండానే."

"మీరు నిలబడటం అచ్చులో లేదు."

"పెండ్లిపత్రిక తెచ్చేదా? అది అచ్చులోనే ఉండాది."

"పెళ్లిపత్రిక పరిశోధన పత్రిక కాదక్కా" అన్నాను. (ఈ వాక్యం తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ కుర్చీలోంచి లేచి రెండడుగులు నడుస్తాను.)

ఆమె కోప్పడలేదు. ఫ్లాస్కు మూత బిగించుకుంటూ, "కోడి వైరస్‌కు పేరు మారితే ఒకటేనని మీ సారుతో జగడమాడితివంటనే. నాకు పేరు మారితే ఇద్దరమా? కోడి రోగంపాటి సేయనా నేను?" అంది. పోటీల్లో ఇలాంటి ప్రశ్నకు బల్ల చరిచేవారు. ఆ రోజు ఆ గదిలో బల్ల చరిచేవాళ్లు లేరు, నేనొక్కణ్ణే ఉన్నాను. నియమం నియమమే అన్నాను. ఆమె వెళ్లిపోయింది. నేను జాబితా మార్చలేదు. మారిస్తే ఓడిపోయినట్టవుతుంది కదా.

జాబితాలో అగ్రస్థానంలో పదకొండు వ్యాసాలతో వెలిగినవాడు 'రెడ్డి ఎం.' సారుకు ఆనందం పట్టలేదు. ఇంతటి మహానుభావుడు మన ప్రాంతంలో ఉండగా ఇన్నాళ్లూ తెలియకపోవడం సిగ్గుచేటనీ, మంజూరు పనిమీద హైదరాబాదునుంచి సంఘం వచ్చే రోజే పిలిచి శాలువా కప్పుదామనీ అన్నారు. కార్డులమీద ఆయనకు చిత్తూరు, అనంతపురం, మద్రాసు చిరునామాలు మూడున్నాయి. పాపం బదిలీలు ఎక్కువ కాబోలని, ఎక్కడున్నా అందుతుందని మూడింటికీ ఒకే ఆహ్వానం పంపాను.

ఆ ఉదయం ముగ్గురు వచ్చారు. ఒకరు మునిస్వామి రెడ్డి, ఒకరు మోహన రెడ్డి, ఒకరు మల్లికార్జున రెడ్డి; ముగ్గురూ అచ్చులో ఇంటిపేరు అక్షరం వేసుకోనివాళ్లే. వయసునుబట్టి పెద్దరెడ్డి, నడిపిరెడ్డి, చిన్నరెడ్డి అంటాను. ముగ్గురి చేతుల్లోనూ 'ప్రముఖ శాస్త్రవేత్తా' అని నేను రాసిన ఉత్తరమే ఉంది. వేదికమీద కుర్చీ ఒకటే, శాలువా ఒకటే. సంఘం అధికారి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. సారు నావైపు చూసిన చూపును వర్ణించడానికి నాకున్న భాష చాలదు.

"ఎవురికి కప్పుతారప్పా?" అన్నాడు చిత్తూరు పెద్దరెడ్డి.

"ఒకరి తరవాత ఒకరం కప్పుకుందాంలేన్నా, యాడికి పోతాది" అన్నాడు నడిపిరెడ్డి.

లెక్క అక్కడికక్కడే తేలింది. పెద్దాయనవి నాలుగు వ్యాసాలు, నడిపాయనవి నాలుగు, చిన్నాయనవి మూడు. ఐదు ఎవరికీ లేవు. నా నియమం ముగ్గురు మగవాళ్లను కలిపి ఒక మహానుభావుణ్ణి చేసింది. ఒక ఆడమనిషిని రెండుగా కోసి పారేసింది. వెనక వరుసలో ఫ్లాస్కుతో కూర్చున్న కోళ్లక్క ఏమీ అనలేదు. అననందుకే నేను లేచాను. అధ్యక్షా అని మొదలుపెట్టి, నా నియమం తప్పనీ, ఆరు వ్యాసాలున్న మనిషి ఈ గదిలో ఒక్కరే ఉన్నారనీ, ఫ్రీజరు లేక ఐసుకోసం తిరుగుతున్నారనీ, ఆమె పేరు చేర్చాలనీ వాదించాను. జీవితంలో అంత గొప్పగా ఎన్నడూ వాదించలేదు. అధికారి శ్రద్ధగా విని, మేం పంపిన కాగితం తీసి, అడుగున నేను రాసిన వాక్యాన్ని చదివాడు: 'ఒక్క మినహాయింపునిస్తే మొత్తం లెక్క కూలిపోతుంది.' తర్వాత తలెత్తి, "చాలా స్పష్టంగా ఉంది. రెడ్డి ఎం. పేర మంజూరు ఉత్తర్వు కూడా తయారైంది. ఇంక మార్చడానికి వీల్లేదు" అన్నాడు. నా జీవితంలో నన్ను మాటకు మాటగా ఓడించినవాణ్ణి నేనే.

పెద్దరెడ్డి ఉత్తర్వును అడిగి తీసుకుని, దూరంగా పట్టుకుని చదివాడు. "ఈ పెట్టె రెడ్డి ఎం. అనే ఆయనదిప్పుడు. అంతే గదా సార్?"

"అంతే."

"ఆయప్ప మేమే గదా?"

అధికారి ముగ్గురినీ చూసి, మరో దారిలేక తలూపాడు.

"యాడ దించాలనేది ఈడ రాయలేదే. ఖాళీగా ఉండాది."

"అది స్వీకర్త ఇష్టం."

"మా ఆఫీసులో ఒకటి ఉండాది సార్. వీళ్లిద్దరికీ ఉన్నట్టుండాది." మిగిలిన ఇద్దరూ అవునన్నారు. పెద్దరెడ్డి వెనక వరుసలోని కోళ్లక్కవైపు చెయ్యి చూపాడు. "అట్లయితే ఆయమ్మ ల్యాబులో దించండి. ఐసుకోసరం తిరిగి తిరిగి ఆమె చేతులు సూడండి, ఎట్లుండాయో."

ముగ్గురూ వంతులవారీగా ఒకే గీతమీద సంతకాలు చేశారు. ఖాళీ జాగాలో కోళ్లక్క ప్రయోగశాల చిరునామా నాచేతే రాయించారు. అక్క మాత్రం నా దగ్గరికొచ్చి, "బాగా మాట్లాడినావబ్బోడా. ఓడిపోయినావు గానీ బాగా మాట్లాడినావు" అని వెళ్లింది.

ఫ్రీజరు రెండు నెలలకు వచ్చింది. ఆ మరుసటి ఏడాది కోళ్లక్క కొత్త వ్యాసం అచ్చయింది. ఒక ప్రతి తీసుకుని ఆమె స్వయంగా మా గదికి వచ్చి, "ఇంక నీకు అనుమానం లేకుండా చేసినా సూడు" అని గర్వంగా నా ముందు పెట్టింది. నాకు తకరారు రాకుండా ఈసారి పుట్టింటి అక్షరం, అత్తింటి అక్షరం రెండూ కలిపి వేసుకుంది. అంటే విదేశీ సూచికలో ఆమె ఇప్పుడు మూడో మనిషి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాను. "చాలా బాగుందక్కా" అన్నాను.

ఆమె వెళ్లాక కొత్త కార్డు రాసి, కె. కార్డులనూ పి. కార్డులనూ వెతికి తీసి, అన్నిటినీ ఒక దగ్గర పెట్టి రబ్బరుబ్యాండు వేశాను. రబ్బరుబ్యాండుకు నా నియమంలో చోటు లేదు. ఎవరైనా అడుగుతారేమో, అడిగితే ఏం చెప్పాలా అని అప్పటి నేనైన ఆ కుర్రవాడు వారంపాటు సమాధానాలు కట్టుకుంటూ తిరిగాడు. ఎవరూ అడగలేదు. అన్నీ అడిగేవాడు ఆ గదిలో అతనొక్కడే మరి.