నన్ను పాడించిన నేరం

యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో నాకు మొదటి ర్యాంకు వచ్చింది. ఆగండి, నిజం చెప్పేస్తాను. ఎం.ఎ. చరిత్రకి ఆ ఏడాది ప్రవేశ పరీక్షే పెట్టలేదు. సీట్లు మిగిలిపోయాయి, దరఖాస్తు పెట్టినవాళ్లందరినీ చేర్చుకున్నారు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరై, ఈ హిందీ ఊళ్లో రుఆబాంధా కాలనీలో మా ఇంటి వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించడం తప్ప వేరే పనిలేని నాకూ ఒక సీటు దొరికింది.

"మీరు చరిత్ర చదవడం ఏటండీ, మిమ్మల్నే వాళ్లు చదువుకోవాల," అంది మా ఆవిడ.

చేరాక తెలిసింది, ఇప్పుడు చదువు కంటే ముందు ఆరోగ్యం చూస్తారని. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. టీకాలు వేయించుకున్నట్టు రుజువు కావాలి. పైగా ప్రతి కొత్త విద్యార్థీ మొదటి సెమిస్టరులో కౌన్సిలరు దగ్గర ఒకసారి కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. టీకాల రుజువు అడిగిన డాక్టరుకి చొక్కా చెయ్యి పైకి లాగి, చిన్నప్పుడు వేసిన మశూచి టీకా మచ్చ చూపించాను. రూపాయి బిళ్లంత మచ్చ. సరే, శనగ గింజంత. ఆ కుర్ర డాక్టరు అలాంటిది ఎప్పుడూ చూడలేదట, నర్సులని పిలిచి మరీ చూపించాడు. ఆ తర్వాత ఏ మొహమాటమూ లేకుండా ధనుర్వాతం సూది పొడిచి పంపాడు.

మా డిపార్టుమెంటులో నాకొక సీనియర్ ఉంది. ఖుర్సీపార్ బస్తీ అమ్మాయి, రెండో సంవత్సరం. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ప్లాంటు పనికి వచ్చాడు. హిందీ వచ్చినంత బాగా ఆమెకు తెలుగు రాదు, అయినా నాతో తెలుగే మాట్లాడుతుంది. వయసులో నా మనవరాలి ఈడు. కానీ ప్లాంటులో ముందు చేరినవాడే పెద్ద, ఆ లెక్కన నేను ఆమెను 'సీనియర్ గారూ' అంటాను. మా తరగతులు మూడో అంతస్తులో. మోకాళ్లు పట్టేయకుండా మెట్లు ఎక్కమని డాక్టరు చెప్పిన సంగతి ఒకనాడు ఆమె ముందు నోరు జారాను. అంతే. నేను లిఫ్టు వైపు చూస్తే చాలు, "తాతగారూ, సీడీ సే, మెట్ల మీంచే!" అని చేతులు చాపి అడ్డం నిలబడేది. కొత్తవాళ్లకి స్వాగతం చెప్పిన రోజున, "ఒక పాట పాడండి తాతగారూ," అని కూడా అడిగింది.

ఇక కౌన్సిలరు. చిన్న వయసు, మెత్తటి హిందీ. "అంకుల్‌జీ, ఇక్కడ మీకు ఏదైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగింది.

ఇక్కడ మా ప్లాంటు అలవాటు ఒకటి చెప్పాలి. సేఫ్టీ ఆఫీసరు అప్పుడప్పుడు వచ్చి ఇదే ప్రశ్న అడిగేవాడు. ఏమీ లేదంటే నమ్మేవాడు కాదు. ఏదో దాస్తున్నామని నిలబడి మళ్లీ మళ్లీ అడిగేవాడు, ఈలోగా మా టీలు చల్లారిపోయేవి. అందుకని ఎవరో ఒకరం ఒక కష్టం చెప్పేవాళ్లం. ఫ్యాను కిర్రుమంటోంది సార్. ఆయన సంతోషంగా రాసుకుని వెళ్లిపోయేవాడు. ఆ ఫ్యాను నేను రిటైరయ్యేదాకా కిర్రుమంటూనే ఉంది. అడిగినవాళ్లకి ఒక కష్టం చెప్పడం మర్యాద, దాని మీద ఎవరూ ఏమీ చేయరు. నాకు తెలిసింది అదే.

అంచేత ఆ పిల్లని ఉత్తచేతులతో పంపబుద్ధి కాలేదు. "ఒక సీనియర్ ఉంది మేడమ్," అన్నాను. "లిఫ్టు ఎక్కనివ్వదు. ఈ మోకాళ్లతో మూడు అంతస్తులూ ఎక్కిస్తుంది. అందరి ముందూ నిలబెట్టి పాట పాడించింది." ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నాకు హుషారొచ్చింది. "పాడుతుంటే కన్నీళ్లు ఆగలేదు," అన్నాను. ఆ సీనియర్ పేరు అడిగింది, చెప్పాను. మంచినీళ్లు ఇచ్చింది, తాగాను. ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను.

మర్నాడు మా సీనియర్ మెట్ల దగ్గర ఉంది. ఈసారి అడ్డం నిలబడలేదు.

"ఏటి చెప్పీసారు తాతగారూ మీరు? నాను ర్యాగింగ్ చేసినానంట. కమిటీ పిలిచింది. తేలేదాకా క్లాసుకి, పరీక్షకి రావద్దంటన్నారు. వచ్చే వారమే పరీక్షలు. మేరా పూరా సాల్ గయా, ఏడాదంతా పోనాది!" లిఫ్టు బటన్ నొక్కి, "లిఫ్టులో ఎల్లండి," అంది. ఆ మాట నాకు సూది కంటే లోతుగా దిగింది.

తిన్నగా కమిటీ గదికి నడిచాను. కౌన్సిలరు, ఒక ప్రొఫెసరు ఉన్నారు. "ఆ అమ్మాయి తప్పేమీ లేదు, నేనే పెంచి చెప్పాను," అన్నాను.

కౌన్సిలరు నా వైపు జాలిగా చూసింది. "ఎవరైనా బెదిరించారా అంకుల్‌జీ?"

"లేదమ్మా. నా నోటి దురద."

"భయపడకండి. మేమున్నాం."

"సీనియర్లు ఒత్తిడి చేస్తే బాధితులు ఇలాగే మాట మారుస్తారు," అన్నాడు ప్రొఫెసరు. నేను ఒట్టు పెట్టినకొద్దీ వాళ్ల జాలి పెరిగింది, మంచినీళ్ల గ్లాసూ వచ్చింది. నా కోతలు నమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, నిజం చెబితే మంచినీళ్లు ఇచ్చినవాళ్లని ఆ రోజే చూశాను.

చివరికి, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలన్నారు. మా ఆవిడకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. కౌన్సిలరు అడిగింది: "ఆంటీజీ, అంకుల్‌జీ చేత బలవంతంగా పాట పాడించారట. ఇంటికొచ్చి బాధపడ్డారా?"

మా ఆవిడ హిందీలోనే అందుకుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెబితే ఇదీ: "అరే బేటీ, ఆయన్ని పాడించడానికి బలవంతం ఎందుకు? ఆపడానికి కావాల గానీ. పెళ్లైన కాడి నుంచీ నాను ఆ పనే చేస్తన్నాను. ఆ దినం ఇంటికొచ్చి మొదటి నుంచీ మళ్లీ పాడీసినారు. పక్కింటి దీదీ తలుపు ఏసీసుకుంది."

"మరి మెట్లు ఎక్కించడం?"

"ఆ పిల్ల ఎవులో గానీ సల్లగుండాల. మోకాలికి నూనె రాయమని నా పేణం తీసీవోరు. ఈ మజ్జిన అడగనే లేదు."

అది నిజమే. నేనే గమనించలేదు.

ప్రొఫెసరు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కౌన్సిలరు నవ్వలేదు. "రేపు నిజంగా ఏడుస్తూ ఒక పిల్ల నా దగ్గరికి వచ్చినప్పుడు, మీరు గుర్తొచ్చి నేను ఆమెను అనుమానిస్తే?" అని అడిగింది. తలొంచుకుని క్షమాపణ అడిగాను. ఆ మధ్యాహ్నమే మా సీనియర్‌ని క్లాసుకి రానిచ్చారు.

మర్నాడు లిఫ్టు ముందు చేతులు చాపి నిలబడి ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"క్షమించండి సీనియర్ గారూ."

"అది తర్వాత ఆలోచిస్తాను. ముందు సీడీ సే. ఔర్ గానా బిల్‌కుల్ నహీ, పాట అసలొద్దు!"

నోరు మూసుకుని ఎక్కాను. రెండో అంతస్తు దాటేసరికి ఆయాసం వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూసి, "పోనీ, మెల్లిగా పాడుకోండి, మెట్లు ఎక్కినట్టు తెలీదు," అంది.

నేను పాడలేదు. మాటంటే మాటే.

సరే, ఒక్క చరణం.