బొమ్మ పంపని బాబాయ్

నిన్న ఉదయం తొమ్మిదింటికి మా బాబాయ్ తన పై అధికారి పంపిన రంగుల పోస్టర్‌ను తిప్పి పంపేశాడు. ఈ నెలలో ఇది నాలుగోది. వాతావరణ కార్యాలయంలో హెచ్చరికలు పంపే పని ఆయనది. బొమ్మలో ఇరికించిన అక్షరాన్ని ఆయన అక్షరంగా ఒప్పుకోడు. ఆ ఒక్క పిచ్చి తప్ప మనిషి బంగారం.

ఆయన హెచ్చరికలో ఉత్త అక్షరాలే ఉంటాయి: ఏ ప్రాంతం, ఏ ప్రమాదం, ఎంత తీవ్రం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా... ఒక్కోటీ ఒక్కో వరుస. ఆ వరుసల్ని వెబ్‌లో బాహాటంగా పెడతాడు. ఎవరి ఫోనైనా, ఎవరి కంప్యూటరైనా అనుమతి అడక్కుండా తీసుకుని చదువుకోవచ్చు.

“పెళ్లిరోజు కదా, ఓ పువ్వు బొమ్మయినా పంపొచ్చుగా?” అంది పిన్ని ఓసారి.

వెంటనే ఆమె ఫోన్ మోగింది: “పువ్వు: గులాబీ. రంగు: ఎరుపు. చెల్లుబాటు: రాత్రి పన్నెండు వరకు.”

“పన్నెండు దాటితే?”

“కొత్తది జారీ చేస్తా.”

నేను పత్రికలో పనిచేస్తాను. “బాబాయ్, మా పేజీకి ఓ మేఘం బొమ్మ ఇవ్వవూ?” అంటే, “మేఘం కావాలంటే కిటికీ తెరువు” అంటాడు.

నిన్న ఏటి ఒడ్డుకు గాలివాన ముప్పు ఉంది. పై అధికారి పరిగెత్తుకొచ్చాడట.

“పెద్దలు చూస్తారయ్యా! ఇవాళ్టికి పోస్టరే పెట్టు. వరుసలు రేపు చూద్దాం.”

“వరుసలు వెళ్లాకే పోస్టరు సార్.”

“బదిలీ చేయిస్తా!”

“ప్రాంతం, తేదీ స్పష్టంగా రాసివ్వండి.”

తొమ్మిదీ ఇరవైకి వరుసలే వెళ్లాయి.

మధ్యాహ్నం గాలివాన వెలిశాక నష్టం చూద్దామని ఏటి ఒడ్డుకు వెళ్లాను. కుర్చీలు అల్లే షెడ్డు కప్పు ఎగిరిపోయింది. అల్లేవాళ్లందరూ ఎదురుగా రాతి గోదాములో కూర్చుని, ఏమీ జరగనట్టు అల్లుకుంటున్నారు. ఒక్కరికీ చూపు లేదు.

“మీకెవరు చెప్పారు?” అన్నాను.

మేస్త్రీ ఫోన్ నొక్కాడు. అది బాబాయ్ వరుసల్ని గడగడా చదివేసింది.

“బొమ్మొస్తే ఇది నోరు మెదపదండీ. వరుసలొస్తే ఆపదు. ఒకాయన ఆదివారాలు వచ్చి, ఇది చదువుతుంటే వింటాడు. ఏ మాట దగ్గర తడబడితే ఆ మాట మార్చేస్తానంటాడు. పేరడిగితే చెప్పడు. పోస్టర్లను మాత్రం నోరారా తిడతాడు.”

ఆదివారాలు బాబాయ్ పేకాటకు పోతున్నాడని పిన్ని అనుమానం!

“ఆయన మా బాబాయ్!” అన్నాను. అడక్కపోయినా మళ్లీ అన్నాను.

ఆఫీసుకొచ్చి వార్త రాశాను. కప్పు ఎగిరిన షెడ్డు ఒకటి. నలిగిన కుర్చీలు ముప్పై రెండు. ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు నలభై ఒక్కమంది. గాయపడినవాళ్లు ఎవరూ లేరు.