ఎర్ర మూత తీసేశారు

మా అత్తయ్యకు ముక్కు మీద కోపం. నాకు అంతకంటే ఎక్కువ. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే ఫ్యాక్టరీలో ఎలా నెట్టుకొస్తున్నామా అని వీధిలో అందరికీ ఆశ్చర్యమే. నెట్టుకురావడం ఏమీ లేదు. పోట్లాడుకుంటూ వెళతాం, పోట్లాడుకుంటూ వస్తాం. అయితే ఆవిడ పని జోలికి మాత్రం నేను వెళ్లను. ఆ విషయంలో నోరెత్తే అర్హత నాకే కాదు, ఫ్యాక్టరీలో ఎవరికీ లేదు.

ఇరవై ఆరేళ్లుగా ప్లాస్టిక్‌కు రంగు కుదర్చడం ఆవిడ ఉద్యోగం. బకెట్ కానివ్వండి, దువ్వెన కానివ్వండి, మందు సీసా మూత కానివ్వండి, కొనేవాళ్లు ఒక ముక్క పట్టుకొచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటారు. తెల్లటి ప్లాస్టిక్ గింజల్లో రంగు గింజలు చిటికెడు చిటికెడుగా కలిపి, కరిగించి, అరచేతిలో పట్టేంత బిళ్ల పోసి, దాన్ని వాళ్ల ముక్క పక్కన పెట్టి చూస్తుంది. ఆవిడ గది గోడలు బూడిద రంగు. ఆవిడ కోటు బూడిద రంగు. ఎదుటి మనిషి చొక్కా రంగు కూడా బిళ్ల మీద పడుతుందని, లోపలికి వచ్చేవాళ్లకు గుమ్మం పక్కనే ఒక బూడిద కోటు తగిలించి ఉంచింది. ఓసారి యజమాని నారింజ రంగు చొక్కాతో దర్జాగా వచ్చేసరికి, తల కూడా ఎత్తకుండా, "కోటు తొడుక్కుని రండి బాబూ, నా పని చెడుతోంది" అంది. ఆయన నోరు మూసుకుని తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర బొత్తాలు మాత్రం పట్టలేదు.

ఆ గదిలో ఒక లైట్ల పెట్టె ఉంది. అందులో మూడు దీపాలు. ఒకటి పగటి వెలుతురు లాంటిది, ఒకటి ట్యూబులైటు, ఒకటి పాతకాలపు పసుపు బల్బు. ప్రతి బిళ్లనూ మూడింటి కిందా చూశాకే సంతకం పెడుతుంది. "వెలుతురు మారితే రంగు మాట మారుస్తుందే అమ్మాయ్. అందుకే మూడుసార్లు అడగాలి" అంటుంది నాతో. సంవత్సరం కిందట ఆ పసుపు బల్బు మాడిపోయింది. స్టోర్స్‌కు మూడుసార్లు కాగితం పెట్టింది. ఈ రోజుల్లో అది ఎవరు వాడుతున్నారమ్మా అని వాళ్లు నవ్వి ఊరుకున్నారు.

ఎవరు వాడుతున్నారో నేను చెబుతాను. మా ఇంటి కింద వాటాలో ఒక దర్జీ ఉంటాడు. నేను బాబాయ్ అంటాను. ఆయన కొట్టు మెట్ల కింద గది. కిటికీ లేదు, పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. కుట్టుమిషను మీద వేలాడేది పసుపు బల్బే. తెల్ల లైటు కింద నల్ల గుడ్డ మీద నల్ల దారం ఆయనకు కనపడదట. నోట్లో నాలుక లేని మనిషి. కొలతలు తప్పు చెప్పింది అవతలివాళ్లయినా, నేనే సరిగ్గా వినలేదేమో అని మళ్లీ కుట్టిచ్చే రకం. అత్తయ్య పెట్టెలో బల్బు పోయినప్పటి నుంచి, బిళ్లలు తెచ్చి ఆయన మిషను బల్ల మీద పెట్టి చూసుకుంటోంది.

ఇలా ఉండగా ఒక మందుల కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ల సీసాల డిజైన్, రంగులు అన్నీ ఆయన చేతుల మీదుగానే నడుస్తాయట. వచ్చిన గంటలోనే అత్తయ్య ఆయనకు 'బ్రాండ్ బాబు' అని పేరు పెట్టేసింది. వాళ్లు ఒకే రకం చిన్న సీసాలో రెండు మందులు అమ్ముతారు. ఒకటి కంట్లో వేసుకునే చుక్కల మందు, రెండోది కాయలూ పులిపిర్లూ కరిగించే మందు. ఆ రెండోది చర్మాన్ని తినేస్తుంది. ఇన్నేళ్లూ కంటి మందుకు తెల్ల మూత, రెండోదానికి ఎర్ర మూత. బ్రాండ్ బాబుకు అది నచ్చలేదు. రెండూ ఒకే కుటుంబంలా కనపడాలట. కంటి మందుకు లేత ఊదా, రెండోదానికి లేత బూడిద అని తేల్చాడు.

"ఎరుపు జనాన్ని భయపెడుతుందమ్మా" అన్నాడు అత్తయ్యతో.

"భయపెట్టాలనే కదా బాబూ పెట్టింది!"

ఆయన నవ్వాడు. అలాంటి నవ్వు నాకు బాగా తెలుసు. అవతలి మనిషికి చదువు లేదనుకున్నప్పుడు నవ్వే నవ్వు.

అత్తయ్య రెండు రంగులూ కుదిర్చింది. పగటి దీపం కింద ఊదా ఊదాలాగే ఉంది, బూడిద బూడిదలాగే ఉంది. ట్యూబులైటు కిందా అంతే. సాయంత్రం రెండు మూతలూ తెచ్చి దర్జీ బాబాయ్ బల్ల మీద పెట్టింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఇందులో ఊదా రంగు ఏదో చెప్పు తమ్ముడూ."

ఆయన కత్తెర పక్కన పెట్టి, తల అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "రెండూ బూడిదే కదక్కా" అన్నాడు. తప్పు చెప్పానేమోనని వెంటనే, "నా కళ్లు ఈ మధ్య మండుతున్నాయిలే" అని సర్దుకున్నాడు. ఆయన కళ్లకేమీ కాలేదు. నాకూ రెండూ ఒకేలా కనపడ్డాయి. ఆ బల్బు కింద ఊదాలోని నీలం చచ్చిపోతుందని, మిగిలేది బూడిదేనని అత్తయ్య చెప్పింది.

మర్నాడు మేనేజర్ గదిలో గొడవ. సరుకు బయటికి పంపే డిస్పాచ్ పని నాది, ఆ కాగితాలతో గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"నేను సంతకం పెట్టను. ఎవరో ఒకరు ఇది కంట్లో పోసుకుంటారు" అంది అత్తయ్య.

"సీసా మీద ఇంతింత అక్షరాలతో రాస్తున్నాం కదమ్మా" అన్నాడు బ్రాండ్ బాబు.

"కన్ను మండుతున్నవాడు అక్షరాలు చదువుతాడా? చెయ్యి చాపి తీసుకుంటాడు. ఆ చేతికి దారి చూపడానికే కదా మూతకు రంగు!"

"స్క్రీన్ మీద స్పష్టంగా తేడా కనపడుతోంది."

"మీ స్క్రీన్‌లో జనం కాపురం ఉండరు బాబూ."

మేనేజర్ మధ్యలో దూరి, "మనకెందుకమ్మా, అడిగిన రంగు కలిపి ఇవ్వడం మన పని, ఏ రంగు అడగాలన్నది వాళ్లిష్టం" అన్నాడు. అత్తయ్య పెన్ను బల్ల మీద విసిరికొట్టి బయటికి వచ్చేసింది. తర్వాత ఆవిడ సంతకం పెట్టాల్సిన కాగితం నేను చూశాను. పగటి దీపం సరే, ట్యూబులైటు సరే, పసుపు బల్బు ఎదురుగా 'వర్తించదు' అని రాసి మేనేజర్ తానే సంతకం పెట్టుకున్నాడు. అత్తయ్యను ఇక బకెట్లు, మగ్గులు మాత్రమే చూసుకోమన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ మూతల పెట్టెలు బయటికి పోవడానికి గేట్ పాస్ రాసింది నేనే. మొత్తం నలభై పెట్టెలు. రోజూ రాసినట్టే రాశాను. ఆ సాయంత్రం అత్తయ్య నాకంటే పది అడుగులు ముందు నడిచి ఇంటికి వచ్చేసింది. తిట్టినా బాగుండేది.

ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున పదింటికి కింద నుంచి కేక వినపడింది. ఆ మనిషి కేక వేయగలడని కూడా మాకు తెలియదు. పరుగెత్తుకెళ్లేసరికి దర్జీ బాబాయ్ మిషను పక్కన నేల మీద కూర్చుని కుడి కన్ను అదిమి పట్టుకున్నాడు. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలికి కాయ కట్టింది, దానికి ఆ మందు రాస్తున్నాడు. కళ్లు మండితే కంటి మందు వేసుకుంటాడు. ఎప్పుడూ వాడే కంపెనీవే రెండూ. కొత్త మూతల సీసాలు రెండూ దారపు ఉండల డబ్బాలో పక్కపక్కన ఉన్నాయి, కంటికని తీస్తే చేతికి కాయల మందు అందింది. అరగంట సేపు కంట్లో నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఆ తర్వాత ఆసుపత్రి. కంటి పైపొర కాలిపోయిందని, మసక పూర్తిగా పోతుందని చెప్పలేనని డాక్టర్ అన్నాడు.

కట్టు కట్టిన కంటితో పడుకుని ఆ మహానుభావుడు అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నువ్వు ముందే చూపించావు కూడా కదక్కా. నాదే బుద్ధిలేనితనం."

అత్తయ్య వరండాలోకి వచ్చాక నా మీద విరుచుకుపడింది. "గుర్తుపెట్టుకుంటాడనే నమ్మకంతో అమ్మేటట్టయితే ఇక రంగు దేనికే? అన్నిటికీ తెల్ల మూతే పెట్టి, గుర్తుంచుకోండి నాయనలారా అని చెబితే పోలేదా? ముందే చెప్పినవాడికే ఇలా అయిందంటే, చెప్పనివాళ్ల సంగతేంటి?" నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది. అత్తయ్య ఆవిడ మీద కూడా ఒంటికాలి మీద లేచింది.

కంపెనీకి ఫిర్యాదు నేనే రాశాను. పది రోజులకు బ్రాండ్ బాబు దిగాడు, చేతిలో పళ్ల బుట్ట, చంకలో ఫైలు. అత్తయ్యా నేనూ మెట్లు దిగి వెళ్లేసరికి కొట్టులో కుర్చీ మీద కూర్చుని బాబాయ్ పేరుతో రాసుకొచ్చిన కాగితం చదివి వినిపిస్తున్నాడు. సీసా మీద వివరాలు స్పష్టంగానే ఉన్నాయి, వాడకంలో నా వల్లే పొరపాటు జరిగింది, ఇదీ సారాంశం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అత్తయ్య మాత్రం నెమ్మదిగా డబ్బాలోంచి రెండు సీసాలూ తీసింది. చేతులు వెనక్కి పెట్టి అటూ ఇటూ మార్చి, లేబుళ్లు తనవైపు ఉండేలా బల్బు కింద నిలబెట్టింది.

"ఏది కంటిది? ముట్టుకోకుండా చెప్పండి."

ఆయన చూశాడు. ముందుకు వంగి మళ్లీ చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"లేబుల్ చదవాలి కదమ్మా."

"రంగు మీరే కదా ఎంచింది? మీకే తెలియడం లేదా?"

ఆయన దర్జీ బాబాయ్ వైపు తిరిగి, "ఇవన్నీ ఇప్పుడెందుకు లెండి, పై వాళ్లకు చూపించాలి, ఊరికే లాంఛనం" అంటూ పెన్ను అందించాడు.

"పెట్టకు తమ్ముడూ" అంది అత్తయ్య.

"వద్దు బాబాయ్" అన్నాను నేను.

ఆయన కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా తెచ్చుకుని, వెతుక్కుని వెతుక్కుని చివరి గీత మీద సంతకం పెట్టేశాడు. పెట్టి, కాగితం రెండు చేతులతో తిరిగిచ్చాడు. "పనులు మానుకుని ఇంత దూరం వచ్చారు సార్. నా వల్ల మీకు శ్రమ. క్షమించండి" అన్నాడు.

బ్రాండ్ బాబు ఫైలు మూసి లేచాడు. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను కానీ, ఏం చేయాలో తెలియలేదు. ఆయన పక్కనుంచి తప్పుకుని గుమ్మం దాటాడు.

అత్తయ్య అప్పుడు దర్జీ బాబాయ్ మీదికి వెళ్లింది. ఇరవై ఆరేళ్లలో మేనేజర్ల మీద కూడా అంత గొంతు లేపి ఉండదు. "నీ కన్ను నీకు ఉన్నదున్నట్టే చెప్పిందయ్యా! రెండూ ఒకటేనంది, నిజంగా ఒకటే! కన్ను పోయింది చాలక, దాని మీద నేరం కూడా మోపుతావా?"

దర్జీ బాబాయ్ కంగారుగా గుమ్మం వైపు చూశాడు. "మెల్లగా అక్కా, ఆయనకు వినపడుతుంది" అన్నాడు.