డబ్బాల మెసేజ్

దయ్యాలూ గాలి సోకడాలూ నా దగ్గర నడవవు. మా అమ్మీ తాయెత్తు కట్టడానికి వస్తే, ఉత్త దారానికి ఇంత హడావుడా అని ఆటపట్టించేదాన్ని. ఇప్పటికీ నమ్మను. అందుకేనేమో, ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లూ చేయి రాలేదు.

కోస్గి బస్టాండు పక్క సందులో మాది చిన్న మొబైల్ దుకాణం. మా ఆయన ఖదీర్ ఫోన్లు బాగుచేస్తాడు. రీచార్జులు, జిరాక్సులు నావి. తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఇంకో పని కూడా ఉండేది. అప్పట్లో మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లో ఎక్కువగా బటన్ల ఫోన్లే. బొంబాయికి కూలికి పోయిన మగవాళ్లేమో టచ్ ఫోన్లు కొని, తెలుగులో మెసేజ్‌లు పెట్టడం నేర్చారు. ఆ తెలుగు ఈ పాత ఫోన్లలో కనబడేది కాదు. అక్షరాల జాగాలో ఖాళీ డబ్బాలు, వరసపెట్టి డబ్బాలే.

సంత రోజు వాళ్లు దుకాణానికి వచ్చి, డబ్బాలొచ్చాయి చూడమని ఫోన్ చేతికిచ్చేవాళ్లు. నేను ఆ మెసేజ్‌ను నా ఫోన్‌కు పంపుకునేదాన్ని. నా ఫోన్‌లో తెలుగు ఉంది కాబట్టి అది శుభ్రంగా అక్షరాలై కనబడేది. పైకి చదివి చెప్పేదాన్ని. ఎవరింట్లో అలకలున్నాయో, ఎవరి బర్రె ఈనిందో అన్నీ నాకు తెలిసేవి.

అలా వచ్చేవాళ్లలో అనంతమ్మ ఒకామె. వేలిముద్ర వేసే మనిషి. ఆమె భర్త మొగులప్ప బొంబాయిలో సెంట్రింగ్ పని చేసేవాడు. గది నిండా మనుషులుండగా పెళ్లాంతో ఫోన్‌లో మాట్లాడాలంటే ఆయనకు సిగ్గట. అందుకని మెసేజ్‌లు పెట్టేవాడు. ఏం రాసినా చివర మాత్రం ఒకటే మాట, బిడ్డను బడి మాన్పించవద్దని. మీ ఆయనకు నీ మీదకన్నా బడి మీదే ప్రేమ ఎక్కువ అక్కా అని నేను నవ్వేదాన్ని. ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది.

ఒక సంత రోజు ఆమె ఎప్పటిలాగే ఫోన్ ఇచ్చింది. ఆ పొద్దున్నే బస్సులో వస్తుంటే, సిగ్నల్ తగలగానే మెసేజ్ వచ్చిందట. నా ఫోన్‌కు పంపుకుని చూశాను. నా ఫోన్‌లోనూ డబ్బాలే. అంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు. ఖదీర్ ఫోన్‌కు పంపాం, బాగుచేయడానికి వచ్చిన ఇంకో టచ్ ఫోన్‌కు పంపాం. అన్నిట్లో అదే. పెద్ద మెసేజ్‌లు ముక్కలై వస్తాయి, దారిలో ఏదో ముక్క చెడిపోయి ఉంటుందని ఖదీర్ అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

మొగులప్పకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన్ని పనికి పెట్టుకున్న మేస్త్రీకి చేస్తే, నిన్న గొడవపడి ఇంకో సైటుకు వెళ్లిపోయాడు, వాడే ఫోన్ చేస్తాడులే అని పెట్టేశాడు. అదే మాట అనంతమ్మకు చెప్పి, ఇంటికి పోయి నిమ్మళంగా ఉండమన్నాను.

ఆమె కదలలేదు. ఫోన్ తీసుకుని తెర మీద వేలు పెట్టింది. చిన్నపిల్లలు కూడబలుక్కుని చదివినట్టు, ఆగి ఆగి చెప్పింది.

"పడ్డ. కాలిరిగింది. నోరు లేస్తలేదు. టేషన్ ఎనక పచ్చ గేటు దవాఖాన. మెట్ల కింద పండవెట్టిన్రు. జల్ది రా. బిడ్డను బడి మాన్పియకు."

నాకు చిరాకేసింది. మెసేజ్‌లు చదివేది నేను కదా. అది రాత కాదక్కా, రాత కనబడనప్పుడు వచ్చే ఉత్త డబ్బాలు అని విడమర్చి చెప్పాను.

"రాత కాకుంటె గింత కుదురుగ ఎట్లుంటది చెల్లె?" అన్నది.

మనిషి దిగులుతో ఏదో ఊహించుకుంటోందని, అంత దూరం పోయి ఊరు కాని ఊళ్లో తిప్పలు పడొద్దని చెప్పాను. వినలేదు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే బొంబాయి బస్సెక్కింది. నా మాట విని ఆగి ఉంటే ఏమయ్యేదో.

మొగులప్ప దొరికాడు. వాళ్ల గదికి దగ్గరి స్టేషన్ వెనక, పచ్చ గేటున్న దవాఖానలో, మెట్ల కింద పరుపు మీద ఉన్నాడు. స్లాబ్ మీంచి పడి కాలు, దవడ రెండూ విరిగాయి. మేస్త్రీ అతన్ని అక్కడ దింపేసి, పేరు కూడా చెప్పకుండా పోయాడట. ఆయనేమో జ్వరంతో మగతలో ఉన్నాడు. ఎవరో తెలియని మనిషని, ఆపరేషన్‌కు సంతకం పెట్టే అయినవాళ్లు లేరని అలాగే ఉంచారు. కాలు కుళ్లడం మొదలైంది. ఇంకో రోజు ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదని డాక్టర్ అన్నాడట.

ఊరికి తిరిగొచ్చాక అనంతమ్మ ఆయన ఫోన్ మా దుకాణానికి తెచ్చింది. ఆయన జేబులోనే ఉండి, ఆయనతోపాటే పడింది. ఖదీర్ విప్పి చూస్తే లోపలి బోర్డు రెండు ముక్కలు. మెసేజ్ వచ్చింది ఆయన పడ్డ మర్నాడు. సిగ్నల్ లేక ఆలస్యంగా వచ్చి ఉంటుందని ఖదీర్ వాదించాడు. కానీ పడకముందు పడ్డానని ఎవరు రాస్తారు? పడ్డాక రాయడానికి ఫోన్ ఎక్కడిది?

దవడ కట్టు విప్పాక మొగులప్పనే అడిగాను. ఆయన నాకన్నా తికమకపడ్డాడు.

"నేను ఏం రాయలే చెల్లె. నోరు లేస్తలేకుండె. మనసుల ఆమెకు చెప్పుకుంట పండుకున్న, గంతే."

ఆయన ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. వాళ్ల బిడ్డ కాలేజీకి వచ్చింది. మొన్నీమధ్య అనంతమ్మ కూడా టచ్ ఫోన్ కొన్నది. పాత ఫోన్‌లోని మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటిగా కొత్తదానికి పంపిపెట్టాను. మొగులప్పవన్నీ చక్కటి తెలుగులో కనబడ్డాయి. అదొక్కటే డబ్బాలు.

నాకు పరీక్షించాలని బుద్ధి పుట్టింది. ఆమెకు చెప్పకుండా, పాత ఫోన్‌లో డబ్బాలుగా వచ్చిన ఏదో కంపెనీ ప్రకటన తీసి చూపించి చదవమన్నాను. నా కళ్లకు అవీ డబ్బాలే, ఇవీ డబ్బాలే.

"గిది నాకు రాదు చెల్లె. నేనేమన్న సదువుకున్ననా?" అన్నది.

తర్వాత కొత్త ఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచి ఇచ్చాను. వేలు పెట్టుకుంటూ, ఆగి ఆగి, ఆ రోజు చెప్పిన మాటలే ఒక్కటీ పొల్లుపోకుండా చదివింది. బిడ్డ మాట దగ్గరికి వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ నా వైపు తిప్పి, వింతగా చూసింది.

"నీకు కనిపిస్తలేదా?"

ఫోన్ తీసుకుని వెలుతురులోకి వెళ్లి చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఎంతసేపు చూసినా, నాకు డబ్బాలే.