ఉసిరి మాత్రల సీసా

పదకొండేళ్లు ఒక చిన్న సీసా బరువు మోశాను. పైన చీటీ మీద ఉసిరి మాత్రలని ఉంటుంది. లోపల ఉన్నవి కొలెస్ట్రాల్ మాత్రలు. మొన్న ఆదివారం ఆ బరువు దించేశాను. దించిన దగ్గర్నుంచి ఎవరికైనా చెప్పాలని నోరు దురద పెడుతోంది, అందుకే మిమ్మల్ని పట్టుకున్నాను.

నేరేడ్‌మెట్‌లో మా కాలనీ పార్కు నడక బృందానికి నేనే పెద్దను. ఏటా నా రక్తపరీక్ష కాగితం అక్కడ చేతులు మారేది. ఒక్క మాత్ర లేదు, అంతా నడకేనని చెప్పేవాణ్ణి. అందరూ నోళ్లు వెళ్లబెట్టేవారు. నిజానికి మా డాక్టరు మొదట్లోనే చెప్పాడు: మీ నాన్న నలభై ఎనిమిదికే గుండెపోటుతో పోయారు, మీకు బీపీ ఉంది, నడక మంచిదే కానీ మీకది చాలదు, మాత్ర వేసుకోండి అని. బుద్ధిగా వేసుకున్నాను. మరెందుకు దాచాను? మాత్రలు మింగేవాణ్ణి ఎవరు 'గురువుగారూ' అని పిలుస్తారు? ఆ పిలుపు కోసమే. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మా వీధి చివర బట్టలు కుట్టే యాకూబ్ భాయ్ రోజూ నాతో నడిచేవాడు. అతనికి షుగర్ ఉంది. రెండేళ్ల కిందట ఒక పొద్దున, పార్కు గేటు దగ్గర చాయ్ తాగుతూ జేబులోంచి మందుల చీటీ తీశాడు.

"సార్, డాక్టర్ సాబ్ కొలెస్ట్రాల్ గోలీ రాసిండు. నంబరేమో జెరంతనే ఎక్కువున్నది. షుగర్ ఉన్నది కదా, గుండె కోసం ఏస్కోమంటుండు. ఏస్కోవాల్నా?"

"ఈ నంబరుకే మాత్రా? నన్ను చూడండి భాయ్, ఇన్నేళ్లలో ఒక్కటైనా మింగానా?"

"మీరు చెప్తే ఖతం సార్. ఇగ పరేషాన్ లేదు."

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను ఇంటి దగ్గర మింగి వచ్చిన మాత్ర అప్పటికింకా కడుపులో కరిగి కూడా ఉండదు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ బాపతు నేను.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం కుట్టుమిషను ముందే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. పక్క షాపువాళ్లు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. స్టెంటు వేశారు, బతికాడు. నేను చూడబోతే నా చెయ్యి పట్టుకుని, మీరు నడిపించబట్టే ప్రాణం నిలిచిందని నలుగురి ముందూ అన్నాడు. తల వంచుకుని విన్నాను. మాత్ర వేసుకుని ఉంటే ఆ పోటు రాకపోయేదా? అంత గట్టిగా ఏ డాక్టరూ చెప్పడు, ముప్పు తగ్గేదనే చెబుతాడు. ఆ సందులో దూరి నెలల తరబడి దాక్కున్నాను. కానీ ఆ ముప్పు తగ్గించుకునే అవకాశం అతనిది కదా, నా పేరు నిలబెట్టుకోవడానికి దాన్ని లాక్కునే హక్కు నాకెవరిచ్చారు?

మొన్న ఆదివారం మా బృందం వార్షికోత్సవం. నాకు సన్మానం. శాలువా కప్పడానికి యాకూబ్ భాయ్‌నే పిలిచారు. అతని చేతులు నా భుజాల మీద పడగానే ఇక నా వల్ల కాలేదు. మైకు లాక్కుని, జేబులోంచి ఆ సీసా తీసి, అందరి ముందూ ఒక మాత్ర మింగాను. "ఇవి ఉసిరి మాత్రలు కావు. కొలెస్ట్రాల్‌వి. భాయ్‌ని వద్దన్న రోజు కూడా మింగే వచ్చాను. డాక్టరు ఒక్క నంబరు చూసి రాయడు, మనిషిని మొత్తం చూసి రాస్తాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు," అన్నాను. గొంతు వణకలేదు. నా జీవితంలో అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు!

చప్పట్లేమీ మోగలేదు. యాకూబ్ భాయ్ నా మీది శాలువా తీసి, అంచుకు అంచు కలిపి మడిచి, కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నన్ను ఎవరూ గురువుగారూ అనడం లేదు. ఇద్దరు మాత్రం చాటుగా వచ్చి, నన్ను చూసి ఆపేసిన మాత్రలు మళ్లీ వేసుకోవాలా అని అడిగారు. నన్నడగకండి, డాక్టరు దగ్గరికి పదండని నేనే వెంటబెట్టుకెళ్లాను. నా మాత్రల అట్ట భోజనాల బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కన, వచ్చినవాళ్లందరికీ కనబడేలా ఉంది. యాకూబ్ భాయ్ తన మాత్రలు రోజూ వేసుకుంటున్నాడట. నాతో మాట్లాడడు. ఎందుకు మాట్లాడాలి?

ఈ పొద్దున పార్కులో నా వైపు చూడకుండానే నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆ నడకలో ఆయాసం లేదు. అందుకుందామని చూశాను, అందలేదు. ఓడిపోయి ఇంత సంతోషపడటం నాకు ఇదే మొదలు.