లచ్చిని పిలిచిన గొంతు

మా చిన్నప్పుడు గోపన్‌పల్లి గుట్టల్లో బండ పేల్చే ముందు మనుషులను పేరుపెట్టి పిలిచేవాళ్ళు... ఆ పిలిచే మనిషి మా పక్కింటి నర్సింలు కాక. ఎత్తు రాయి మీద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మేకలు కాసేవాళ్ళనూ కట్టెలు ఏరేవాళ్ళనూ ఒక్కొక్కరినే పిలిచేవాడు. ఈల ఊదితే ఎవరూ కదలరు, తన పేరు వినపడితే ఎంత మొండివాడైనా లేస్తాడు... అది ఆయన నమ్మకం.

అందరూ బయటికొచ్చాక చివరి పిలుపు ఒకటుండేది.

"లచ్చీ... ఇవుతలికి రా..."

లచ్చి ఆయన కూతురు. అంతకుముందు ఒకసారి ఎవరో ఈల మాత్రం ఊది పేలుడు మందు వత్తి ముట్టిస్తే, బండ నీడలో నిద్రపోతున్న పిల్ల లేవలేదు. అప్పటినుంచి ఆ పిలుపు పడందే వత్తికి నిప్పు తగిలేది కాదు.

నేనా... పనీపాటా లేని కోతిని. కాక లాగా పిలిచి మేకలవాళ్ళను ఉత్తపుణ్యానికి ఉరికించేదాన్ని.

తెలంగాణ కోసం ఊరేగింపులు మళ్ళీ మొదలైన రోజులవి. మా బళ్ళో ఇంగ్లీషు టీచరు కోస్తా వైపు ఆవిడ. ఒకరోజు బోర్డు మీద షౌట్, యెల్, స్క్రీమ్, రోర్, కాల్ అవుట్ అని రాసి, ఒక్కో మాటనూ ఒక్కొక్కరు చేసి చూపించాలంది. ఇంకేం... పైకప్పు రేకులు ఊగాయి. హెడ్మాస్టరొచ్చి మా మీద అరిచిపోతే, అది వీటిలో ఏదని అడిగాను. టీచరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వెనక బెంచీ మల్లేశు ఊరుకోలేదు. "టీచర్, జై తెలంగాణ అనుండ్రి జర."

"షౌట్ చెయ్యమంటావా, యెల్ చెయ్యమంటావా? ముందు అది చెప్పు నాయనా."

నా వంతుకు కాల్ అవుట్ వచ్చింది. కాక పిలుపు దించేశాను. తరగతిలో నవ్వు ఆగిపోయింది.

"ఎవరినమ్మా అలా పిలిచావు?" అంది టీచరు.

"లచ్చిని, టీచర్. సచ్చిపోయింది. గా పిలుపును ఇంగ్లీషుల ఏమంటరు?"

ఆవిడ బోర్డు మీది మాటలు చూసి చాక్‌పీసు కింద పెట్టింది. "దూరంగా ఉన్నవాళ్ళను పిలిస్తే కాల్ అవుట్ అంటారు... మరీ అంత దూరానికి నాకు తెలీదమ్మా."

ఆ వారమే గచ్చిబౌలి దాకా పెద్ద ఊరేగింపు. గొంతున్న మనిషని కాకను ముందు నిలబెట్టారు. పొద్దంతా నినాదాలిచ్చాడు. తెల్లారేసరికి గొంతు పూర్తిగా పోయింది... గుట్టలో అప్పటికే పేలుడు మందు కూరి పెట్టి ఉంది.

కాక మా గడపలో నిలబడి, గాలి లాంటి మాటతో నన్ను అడిగాడు. "నా లెక్క పిలుస్తవట గద... ఇయ్యాల పిలువు బిడ్డా."

"దీని కోతి పనులు గూడ అక్కరకొచ్చినయ్, పో" అంది మా అమ్మ.

రాయి మీద ఆయన పక్కనే నిలబడి పిలిచాను. "ఏంది కాకా, ఆడపిల్ల గొంతు తెచ్చుకున్నవ్" అని మేకలవాళ్ళు నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఇక చివరిది.

"లచ్చీ... ఇవుతలికి రా..."

అలవాటు ప్రకారం వత్తి ముట్టించే యాదగిరి నిప్పు పెట్టేసి మా వైపు పరుగందుకున్నాడు. అప్పుడు బండల్లోంచి తిరిగొచ్చింది... "రా..."

ఎప్పుడూ కాక గొంతే కాకకు తిరిగొచ్చేది. ఆరోజు వచ్చింది ఆడపిల్ల గొంతు.

ఆయన నా వైపు చూడలేదు. రాయి దిగి బండల్లోకి ఉరికాడు. ఎదురొచ్చిన యాదగిరి ఆయన అంగీ పట్టుకుంటే చేతికి గుడ్డ ముక్క మిగిలింది. యాదగిరి అరిచాడు, మేకలవాళ్ళు కేకలు వేశారు, ఎవరో ఆడమనిషి కెవ్వుమంది... బోర్డు మీది మాటలన్నీ అయిపోయాయి. కాక మాత్రం ఆగలేదు.

నాకు ఎలా తోచిందో ఇప్పటికీ తెలియదు.

"బాపూ... నేనీడున్న..."

ఆగాడు. వెనక్కి తిరిగాడు. నా వైపు పరుగెత్తుకొచ్చాడు... అంత సంతోషంగా ఉన్న మొహం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆయన వెనక గుట్ట లేచిపడింది. దుమ్ములోంచి వచ్చి నా చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు. చూస్తూ చూస్తూ చేతులు తీసేశాడు.

గొంతు మళ్ళీ వచ్చింది గానీ కాక ఆ రాయి ఎక్కలేదు. ఆ పనికి ఈల ఊదేవాడొచ్చాడు. మా గడప ముందు నుంచి నడవడం కూడా మానేసి, చుట్టూ తిరిగి పోయేవాడు. నేను బయట మాట్లాడుతుంటే తలుపు వేసుకునేవాడు. బతికించానని ఊరంతా నన్ను మెచ్చుకుంది... ఆయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఇప్పుడా గుట్ట ఉన్నచోట అద్దాల ఆఫీసు ఉంది. అందరి చెవుల్లో వైర్లు, అందరివీ మెత్తటి గొంతులు. మా పక్క ఫ్లాటామె కొడుకును అన్నానికి ఫోన్ మెసేజ్‌తో పిలుస్తుంది. నాకు పిల్లలున్నారు, వాళ్ళను మాత్రం నేను గట్టిగా పిలవను, దగ్గరికి నడిచిపోయి భుజం తడతాను... పిలిస్తే ఎవరు పలుకుతారోనని.

మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరు, ఎంత దూరం నుంచి పిలిచేవాళ్ళు? ఆ గొంతు ఇంకా ఉంటే, ఈరోజు ఒకసారి పిలిపించుకుని... ఎలా ఉందో ఇక్కడ రాయండి.