సూర్యవంశపు దొరగారు

అప్పట్లో నేను రాజమండ్రిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మాస్టారిని. ధవళేశ్వరం ఆనకట్ట చూడటానికి ఇంగ్లండు సీమ నుంచి ఒక ప్రభువు వస్తున్నాడని, కొవ్వూరు వైపు జమీందారు ఒకాయన నాకు కబురు పెట్టారు.

"దొరగారి వంశచరిత్ర సభలో తెలుగులో చదవాలండి మాస్టారూ. తర్వాత ఆయనకి ఇంగ్లీషులో చెప్పడం కూడా మీ పనే."

సీమ ప్రభువుల వంశాల గురించి లావుపాటి పుస్తకం ఎక్కడో సంపాదించి చేతికిచ్చారు. మూడు రోజులు కూర్చుని చదివాను. మొదటి ప్రభువు రాజుగారి గుర్రాలు చూసుకునేవాడట. యుద్ధంలో ఓడి పారిపోతున్న రాజుని తన గుర్రమెక్కించి పంపాడు. ఆ రాజు మళ్లీ గద్దెనెక్కాక బిరుదు ఇచ్చాడు. తర్వాత రెండుసార్లు మగ సంతానం లేక ఆ బిరుదు దూరపు దాయాదులకి పోయింది. ఇప్పుడొచ్చే ఆయన మొన్నమొన్నటిదాకా ఓడల్లో వైద్యుడు. ఉన్నదున్నట్టు రాసి పట్టుకెళ్లాను.

జమీందారుగారు మొహం చిట్లించారు. "గుర్రాలవాడా? నలుగురిలో ఇదేం మర్యాదండీ! సూర్యవంశం అని రాయండి."

"పుస్తకంలో అలా లేదండి."

"రాసినవాడికి తెలిసి ఉండదు."

రాశాను. సభలో చదివాను కూడా. జనం చప్పట్లు కొట్టారు. ఎండకి ఎర్రగా కందిపోయిన ప్రభువు చెమట తుడుచుకుంటూ, ఏం చదివావని నన్నడిగాడు.

"తమరు సూర్యుడి సంతతి అన్నానండి."

ఆయన ఆకాశంకేసి చూశాడు. "చుట్టాన్నని తెలిసీ ఇంత కాలుస్తున్నాడా?" అని పకపకా నవ్వి, నా రాతని ఇంగ్లీషులో రాయించుకుని తీసుకెళ్లాడు.

ఏడాది తర్వాత ఆయన దగ్గర్నుంచి నాకొక ఉత్తరమూ, చిన్న అచ్చుపుస్తకమూ వచ్చాయి. "నవ్వుకుందామని మా మేనత్తకి చూపించాను. ఆవిడ నవ్వలేదు. కుటుంబ చరిత్ర అచ్చు వేయిస్తూ, తూర్పుదేశపు పండితుల మాటగా మొదటి పేజీలోనే చేర్చింది. క్షమించండి" అని రాశాడు.

సిగ్గుపడతారేమోనని అనుకుంటూనే పుస్తకం జమీందారుగారికి చూపించాను. ఆయన కళ్లకద్దుకున్నారు.

"చూశారా! సీమలో అచ్చయిందంటే అబద్ధమవుతుందా? మాదీ సూర్యవంశమే కదండీ. అంటే దొరగారు మాకు దాయాదులన్నమాట!"

ఆ పూటే ఆ దాయాదికి మామిడితాండ్ర మూట కట్టించి, తోడుగా ఉత్తరం రాయమని నన్ను కూర్చోబెట్టారు. తూర్పుదేశపు పండితుణ్ణి కదా, "ప్రియ సోదరులకు" అని మొదలుపెట్టాను.